అతిశయోక్తికి అంకె తొడిగితే

సాహిత్య పత్రికలో కార్ల గోల ఏమిటని కొందరు నొసలు చిట్లించవచ్చు. కానీ ప్రకటన కూడా రచనే. మన పిల్లలు కావ్యాలకంటే ఎక్కువగా చదివే రచన అదే. కాబట్టి దానికీ విమర్శ అవసరం.

అతిశయోక్తి మనకు కొత్త కాదు. ప్రబంధకవి పురవర్ణన చేస్తూ మేడలు చంద్రమండలాన్ని ఒరుసుకుంటున్నాయంటే, ఏ పాఠకుడూ కొలబద్ద పట్టుకొని బయలుదేరడు. చెప్పేవాడికీ వినేవాడికీ మధ్య ఒక ఒప్పందం ఉంది. మహావేగం గల కార్ల ప్రకటనలు ఆ ఒప్పందాన్నే తప్పుతున్నాయి. అతిశయోక్తికి అంకెల చొక్కా తొడిగి, శాస్త్రమని ఊరేగిస్తున్నాయి.

2020 అక్టోబరులో అమెరికాలోని ఎస్.ఎస్.సి. సంస్థ తన 'టువటారా' కారు నెవాడా రహదారి మీద, రెండు దిశల సగటున, గంటకు 508.73 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తిందని చాటింది. ఆ దశాంశాలు చూడండి! ఐదు వందలంటే గొప్పలనుకుంటాం. దశాంశాలు చేరిస్తే నిజంగా కొలిచారని నమ్ముతాం. అయితే వీడియో చూసిన కొందరు ఔత్సాహికులు దారిలోని గుర్తుల మధ్య దూరాన్ని, కారుకు పట్టిన కాలంతో భాగించారు. హైస్కూలు లెక్క. అంకె పొసగలేదు. 2021 జనవరిలో ఫ్లోరిడాలో మళ్ళీ పరుగెత్తిస్తే వచ్చిన సగటు 455.3. మొదట చెప్పిన వేగం అందలేదని ఆ జూలైలో సంస్థే ఒప్పుకుంది. 455 ఏమన్నా తక్కువా? నిజమే అంత ఘనంగా ఉన్నప్పుడు, వోచరు సరిచూడకుండా పద్దు రాయడమెందుకు?

బుగాట్టి కథ ఇంకా సున్నితం. 2019 ఆగస్టులో జర్మనీలోని ఎరా-లెసీన్ ట్రాకు మీద దాని షిరాన్ కారు 490.484 కిలోమీటర్లు అందుకుంది. ఇది అబద్ధం కాదు. కానీ ఒక దిశలోనే. పైగా అది నమూనా బండి. ఆ తర్వాత అమ్మిన కారు పేరు 'సూపర్ స్పోర్ట్ 300+'. 300 మైళ్ళంటే సుమారు 483 కిలోమీటర్లు. కొన్నవాడి బండికి మాత్రం 440 దగ్గర కళ్ళెం. పేరులో ఉన్నది బండిలో లేదు.

కామర్స్ చదివినవారికి 1893 నాటి కార్లిల్ కేసు గుర్తుండే ఉంటుంది. తమ పొగగోళం వాడాక కూడా ఇన్‌ఫ్లుయెంజా వస్తే నూరు పౌన్లిస్తామని ఇంగ్లండులో ఒక కంపెనీ ప్రకటించింది. తీరా ఒకామె అడిగితే, అదంతా వట్టి ప్రచారపు గొప్పేనని వాదించింది. న్యాయమూర్తులు ఒప్పుకోలేదు. వెయ్యి పౌన్లు బ్యాంకులో వేశామని ఆ ప్రకటనలోనే రాసుకున్నారు కదా! నిర్దిష్టంగా మాట ఇచ్చినవాడు దానికి బాధ్యుడు. విమర్శకుడికీ ఇంతకంటే మంచి కొలమానం దొరకదు.

కోట్ల కారు మన హోసూరు వీధుల్లోకి రాదు, మనకెందుకంటారా? ఈ భాషే మెట్లు దిగి స్కూటరు మైలేజి అవుతుంది. వాహన ఋణానికి వచ్చే కుర్రవాడు ప్రకటనలోని అంకెతోనే నెల పెట్రోలు ఖర్చు వేసుకుంటాడు. నెల తిరిగేసరికి అసలు ఖర్చు బయటపడుతుంది. వాయిదా మాత్రం తగ్గదు. మా బ్యాంకులూ ఈ పాపానికి దూరం కాదు. 'షరతులు వర్తిస్తాయి' అని చీమతలకాయంత అక్షరాల్లో వేసేది మేమే.

అందుకే ఏ బండి, ఏ దారి, ఏ దిశ, ఎవరు కొలిచారు అన్న నాలుగూ చెప్పని అంకెను పద్దులోకి రానివ్వకండి. చంద్రుణ్ణి ఒరుసుకునే మేడను మాత్రం హాయిగా అలాగే ఉండనివ్వండి.