చుక్క కారనివ్వని చేతులు

పాల్వంచ నుంచి భద్రాచలం వెళ్లే దారిలో, మండు వేసవిలో పాత మారుతి ఓమ్నీ ఆవిరి కక్కితే ఆదుకునేది రోడ్డు పక్క మెకానిక్కే. 1984లో వచ్చి 2019లో తయారీ ఆగిపోయిన బండి అది. ఇంజిను ముందు సీట్ల కిందే ఉంటుంది. అతను తొందరపడి రేడియేటర్ మూత తీయడు, ఇంజిను చల్లారనిస్తాడు. రేడియేటర్ పైపు నొక్కి చూస్తాడు: మెత్తబడిందా, ఉబ్బిందా, క్లిప్పు దగ్గర చార కట్టిందా? పాడైతే పాతది కోసి తీసి, పైపు తొడిగే గొట్టం మూతిని ఎమ్రీ పేపర్‌తో రుద్ది, కొత్తది ఎక్కించి క్లిప్పు బిగిస్తాడు. కూలెంట్ పోశాక మూత తెరిచే ఉంచి, ఇంజిను నడిపి, గాలి బుడగలన్నీ పోయేదాకా కనిపెట్టుకుని ఉంటాడు. లోపల గాలి మిగిలితే ఇంజిను మళ్లీ వేడెక్కి హెడ్ గాస్కెట్ పోవచ్చు. ఆ ఓపికే అసలు పనితనం. కొత్త బండి కొనలేని కుటుంబాల బతుకుతెరువు నిలబెడుతున్న ఈ చేతులకు దండం పెట్టాలి.