జన్యువు చెప్పేదీ, చెప్పనిదీ

జీవపరిణామం గురించి తెలుగులో రాసేవాళ్ళు ఎక్కువగా గలాపగోస్ దీవులతో మొదలుపెడతారు. డార్విన్ ఎక్కిన ఓడ, పిచ్చుకల ముక్కులు, జిరాఫీ మెడ వరసగా వచ్చేస్తాయి. ఈ పుస్తక రచయిత్రి కాకినాడతో మొదలుపెట్టింది. నా దగ్గర జంతుశాస్త్రం చదువుకున్న పిల్ల కాబట్టి, ఇప్పుడు తనే ఎంతోమందికి పాఠాలు చెబుతున్నా, చనువుకొద్దీ ఇలా ఏకవచనంలోనే రాస్తున్నాను. పాఠకులు మన్నించాలి.

కాకినాడ ఎందుకంటే, జె.బి.ఎస్. హాల్డేన్ భౌతికకాయం చేరింది అక్కడికే. ప్రకృతి వరణం ఎంత వేగంగా పనిచేస్తుందో లెక్కకట్టి చూపిన మేధావుల్లో ఆయన ఒకడు. 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తా వచ్చేశాడు, 1961లో భారత పౌరుడయ్యాడు, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. తన దేహం వైద్య విద్యార్థులకు ఉపయోగపడాలని రాసిపెట్టిన ప్రకారం దాన్ని రంగరాయ వైద్య కళాశాలకు పంపారు. ఇది మనలో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు కూడా ఒక వింత సంగతిగా చెప్పుకుని వదిలేస్తారు. ఈ పుస్తకంలో మాత్రం అక్కణ్ణుంచి దారి తిన్నగా మన మన్యంలోకి వెళుతుంది.

రక్తానికి సంబంధించిన ఒక జబ్బు మలేరియా ఉన్న చోట్లే ఎందుకు పాతుకుపోయిందని 1949లో హాల్డేన్ అడిగాడు. ఆయన మనసులో ఉన్నది తలసేమియా; దాని జన్యువు మలేరియా నుంచి కాపాడుతుందేమోనని ఆయన ఊహ. అయిదేళ్ళ తర్వాత ఆంథొనీ ఆలిసన్ ఆఫ్రికాలో సికిల్ సెల్ అనే మరో రక్తపు జబ్బు విషయంలో ఆ ఊహ నిజమేనని చూపించాడు. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలుంటాయి. సికిల్ సెల్ జన్యువు ఉంటే ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ వచ్చి కూర్చుంటుంది. మార్పు అంతే. ఆ జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కటే వస్తే బిడ్డకు ప్రాణాంతకమైన మలేరియా నుంచి చాలావరకు రక్షణ దొరుకుతుంది. ఇద్దరి నుంచీ వస్తే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయి సన్నటి నాళాల్లో చిక్కుకుంటాయి, ఒళ్ళంతా భరించలేని నొప్పులు పుడతాయి. మన ఏజెన్సీలో ఈ జబ్బుతో ఆస్పత్రుల చుట్టూ తిరిగే పిల్లలున్నారు. వాళ్ళ తల్లిదండ్రులు అది ఏ పాపఫలమో అనుకోనక్కర్లేదని, దోమకాటుకు ఎదురు నిలిచిన పూర్వీకుల నుంచి వచ్చినదని ఈ పుస్తకం ఎంతో ఓపికగా చెబుతుంది. పరిణామ సిద్ధాంతం ఒక తల్లి గుండె బరువు దించగలదని నేను పాఠం చెప్పిన రోజుల్లో ఎవరూ రాయలేదు. ఈ అధ్యాయం చదివి నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

మేనరికాల అధ్యాయం గురించి ఎక్కువ చెప్పను, అది చదివి తీరాలి. హాల్డేన్ శిష్యుడు, పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు, మీరాఖాన్‌తో కలిసి 1960ల తొలి ఏళ్ళలోనే ఆంధ్రలో రక్తసంబంధీకుల పెళ్ళిళ్ళ మీద చేసిన పనిని రచయిత్రి గుర్తుచేసింది. అక్క కూతుర్ని చేసుకుంటే పుట్టే బిడ్డలో ఏ జన్యువుకైనా రెండు ప్రతులూ ఒకే పూర్వీకుల నుంచి దిగివచ్చే అవకాశం ఎనిమిదింట ఒక వంతు. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్ళయితే పదహారింట ఒక వంతు. ఈ లెక్కను బెదిరింపుగా వాడకుండా, వరస కలుపుకునే ఇళ్ళను చిన్నచూపు చూడకుండా రాయడం కష్టం. తను రాయగలిగింది.

నేను ముఖ్యంగా చెప్పదలచింది ప్రవర్తన గురించిన భాగం సంగతి. ఎంతటి రచయితలైనా కాలు జారేది అక్కడే. కొండముచ్చుల మందను కొత్త మగకోతి వశం చేసుకున్నప్పుడు చంటిపిల్లల్ని చంపడం ధార్వాడ దగ్గర సుగియామా అనే పరిశోధకుడు చూశాడు. తర్వాత మౌంట్ ఆబూలో సారా హర్డీ ఏళ్ళ తరబడి గమనించి, పాలు తాగే బిడ్డ పోతే తల్లి త్వరగా మళ్ళీ ఎదకు వస్తుందని, ఆ మగదాని సంతానం పెరగడానికి అది దారి అని వాదించింది. ఇది చదివిన కుర్రవాడు వెంటనే, ‘అయితే మగవాడి స్వభావమే అంత కదా’ అంటాడు. రచయిత్రి ఆ మాటను అక్కడే ఆపింది. ఒక ప్రవర్తన ఎలా వచ్చిందో వివరించడం వేరు, దాన్ని సమర్థించడం వేరు. పైగా అదే హర్డీ, ఆడ కొండముచ్చులు చేతులు ముడుచుకుని కూర్చోవనీ, పలు మగవాటితో జతకట్టి పితృత్వం తేలకుండా చేసి పిల్లల్ని కాపాడుకుంటాయనీ రాసింది. మన వ్యాసాల్లో సాధారణంగా ఎగిరిపోయే ఆ సగాన్ని ఇక్కడ చూసి ఎంతో సంతోషించాను.

ఇక స్టువర్టుపురం. పుట్టుకే గుణాన్ని నిర్ణయిస్తుందన్న నమ్మకం చట్టమైతే ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి తెలుగువాళ్ళు జర్మనీ దాకా పోనక్కర్లేదు. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1871లో ఉత్తరాదిన మొదలై, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. కొన్ని కులాల్లో పుట్టినవాళ్ళు పుట్టుదొంగలని సర్కారు ముద్ర వేసింది. బాపట్ల దగ్గరి ఆ సెటిల్‌మెంటులో ఎరుకల కుటుంబాలను ఉంచి హాజరీ వేయించారు. పొరుగూరు పోవాలన్నా అనుమతి కావాలి. 1952లో చట్టం పోయినా ముద్ర పోలేదు. ఆ ఊరి పేరు చెబితే మన సినిమాలకు ఈ నాటికీ గుర్తొచ్చేది దొంగలే. అసలు జన్యువులు ఏం చెబుతాయో చూడండి. ఎత్తు అనే ఒక్క లక్షణంతోనే ముడిపడి సుమారు 12,000 జన్యు తేడాలున్నాయని 2022లో తేలింది. అదైనా టేపు పెట్టి కొలవగలిగే లక్షణం. అలాంటిది, ఆకలీ భూమీ పోలీసూ చదువూ అన్నీ కలిసి తయారుచేసే దొంగతనానికి ‘రక్తంలోనే ఉంది’ అని తీర్పు చెప్పడానికి జన్యుశాస్త్రంలో ఆధారం లేదు. రచయిత్రి ఈ అధ్యాయాన్ని కోపంతో రాసింది. ఆ కోపాన్ని తగ్గించమని ఎవరో సలహా ఇచ్చారట. తగ్గించనందుకు అభినందిస్తున్నాను.

ఈ పుస్తకం ఇప్పుడు ఎందుకు అవసరమో కూడా చెప్పాలి. పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ సైన్సు పుస్తకంలో ‘అనువంశికత, పరిణామం’ అన్న పాఠం 2023 నాటికి ఒట్టి ‘అనువంశికత’గా మిగిలింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలూ ఉపాధ్యాయులూ సంతకాలు చేసి అభ్యంతరం చెప్పారు. పరిణామం లేకుండా అనువంశికత చెబితే, సికిల్ సెల్ జన్యువు మన్యంలో ఎందుకుందో పిల్లవాడికి ఎప్పటికీ తెలియదు. బడిలో తెగిన ఆ లంకెను ఈ పుస్తకం ఇంట్లో కలుపుతుంది.

ఒక్క వెలితి ఉంది. పెద్దవాణ్ణి కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను. బెంగళూరులో రాఘవేంద్ర గడగ్కర్ దశాబ్దాల పాటు పరిశీలించిన ఒక జాతి కందిరీగల ప్రస్తావన రెండు వాక్యాలతో ముగిసిపోయింది. ఆ జాతిలో రాణి మెతక. గూట్లో ఎవరినీ అదిలించదు, అయినా గుడ్లు పెట్టేది అదే. దాన్ని గూట్లోంచి తీసేస్తే నిమిషాల్లో ఒక కూలి ఈగ ఉగ్రరూపం ఎత్తి మిగతావాటి మీద విరుచుకుపడుతుంది. రాణిని తిరిగి పెడితే చల్లబడుతుంది. పెట్టకపోతే కొద్ది రోజుల్లో దాని అండాశయాలు ఎదిగి గుడ్లు పెట్టడం మొదలవుతుంది, దుడుకుతనం తగ్గి అదీ మెతక రాణే అవుతుంది. దాని జన్యువుల్లో ఒక్కటీ మారలేదు, గూట్లో దాని స్థానం మాత్రమే మారింది. ఇలాంటి గూళ్ళు మన ఇళ్ళ చూరుల్లో, కిటికీల మూలల్లో కనిపిస్తూనే ఉంటాయి. రెండో కూర్పులో దీనికి పూర్తి అధ్యాయం కావాలని అడిగాను. రాస్తానని మాట ఇచ్చింది.