ఈ లైను ఇంకా కావాలా?

ఐసీయూలో పొద్దుటి రౌండ్స్‌లో ప్రతి మంచం దగ్గరా నేను అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, ఈ లైను ఇంకా కావాలా?" కొత్తగా వచ్చిన డాక్టర్లకు మొదట్లో ఇది చిరాకుగా ఉంటుంది. "ఉండనీయండి సిస్టర్, రేపు చూద్దాం" అంటారు. రేపటిదాకా ఎందుకు సార్ అని మళ్లీ అడుగుతాను. బీపీ మందు ఆగిపోయింది, పేషెంట్ నోటితో తింటున్నాడు, చేతికి నరం దొరుకుతోంది. ఇక మెడలో ఆ పైపుతో పనేముంది? సెంట్రల్ లైన్‌కు నర్సు చేసే సేవల్లో అన్నిటికన్నా పెద్దది, పని అయిపోయిన రోజునే దాన్ని తీయించడం అని నేను గట్టిగా నమ్ముతాను.

పేషెంట్ల ఇంటివాళ్లు దాన్ని "మెడకు పైపేశారు" అంటారు. మెడ పక్కనుంచో, కాలర్ ఎముక కిందనుంచో, తప్పనిసరైతే గజ్జల్లోంచో పెద్ద నరంలోకి వేసే సన్నటి గొట్టం అది. మెడలోనో ఎముక కిందో వేస్తే దాని కొస గుండె పైగదికి కాస్త ఎగువన ఆగుతుంది. నోరాడ్రినలిన్ లాంటి మందు చేతి నరంలోంచి బయటికి కారితే అక్కడి కండ నల్లబడి కుళ్లిపోతుంది. గాఢమైన పొటాషియం, నరం ద్వారా ఇచ్చే పోషకాలు చిన్న నరాలను కాల్చేస్తాయి. అందుకే ఈ దారి. గుండెకు అంత దగ్గరి దారి మందుకు ఎంత అనుకూలమో, క్రిమికీ అంతే అనుకూలం.

వేసేది డాక్టరు. చేయి తిరిగినవాళ్లకు అరగంట పని. ఆ తర్వాత అది ఒంట్లో ఉన్నన్నాళ్లూ, మూడు షిఫ్టుల్లోనూ దాన్ని ముట్టుకునేది మేమే. మందు ఎక్కించిన ప్రతిసారీ, రక్తం తీసిన ప్రతిసారీ, సెలైన్ సీసా మార్చిన ప్రతిసారీ లైను మూతి తెరుచుకుంటుంది. ఆ మూతిని స్పిరిట్ స్వాబ్‌తో 15 సెకన్లు నలిచి నలిచి తుడవాలి, ఆరనివ్వాలి, అప్పుడే సిరంజి తగిలించాలి. పైపైన ఒకసారి అద్దితే చాలదు. క్రిములు ప్లాస్టిక్‌కు జిగురు పొరలా అంటుకుని ఉంటాయి, రాపిడి ఉంటేనే వదులుతాయి. 15 సెకన్లు ఎంతసేపని మీకనిపించవచ్చు. పక్క మంచం మీద మానిటర్ కూస్తూ, ఎదుటి మంచం పేషెంట్ వాంతి చేసుకుంటూ ఉన్నప్పుడు అది చాలా పొడుగ్గా ఉంటుంది. ఐసీయూలో ఒక పేషెంట్‌కు ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చెబుతుంది. ఆ లెక్క ఎక్కడ తప్పినా ముందు కోతపడేది ఈ 15 సెకన్లకే. ఎవరూ కావాలని మానరు. చేతులు చాలవు, అంతే.

డ్రెస్సింగ్ మార్చేటప్పుడు మాత్రం నేనెవరి తొందరకూ లొంగను. పారదర్శకంగా ఉండే అంటు పట్టీ అయితే 7 రోజులకోసారి, గాజుగుడ్డ అయితే 2 రోజులకోసారి మార్చాలి. తడిసినా, అంచు లేచినా, రక్తం మరక పడినా అప్పటికప్పుడే. మా విశాఖ చెమటకు ఏడో రోజు దాకా అంటుకుని ఉండే పట్టీలు తక్కువ. తలకు కొబ్బరినూనె బాగా పట్టించే ఆడవాళ్లకు మెడ మీద పట్టీ అసలు నిలవదు. ఇక పుస్తెలతాడు. పసుపు పట్టించి, చెమటతో నాని, సరిగ్గా లైను మీదికే జారుతుంది. తీసేద్దామంటే పేషెంట్ కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి, అత్తగారు ఒప్పుకోరు. నేను తీయమని అడగను. "అమ్మా, తియ్యనులే, కాస్త పక్కకు కడతాను" అని చెప్పి, శుభ్రమైన గాజుగుడ్డలో చుట్టి అవతలి భుజం వైపు టేప్ వేస్తాను. ఏ పాఠ్యపుస్తకంలోనూ ఈ పేజీ లేదు. మన దగ్గర నర్సింగ్ నేర్పేవాళ్లు ఇది కూడా చెప్పాలి.

పాత పట్టీని గొట్టం లోపలికి దిగే చోటు వైపుగా లాగుతూ ఊడదీయాలి. అటునుంచి ఇటు లాగితే గొట్టమూ వెంట వచ్చేస్తుంది. పేషెంట్‌కు మాస్క్ పెట్టి ముఖం అటు తిప్పిస్తాను, నేనూ మాస్క్ కట్టుకుంటాను. చర్మం ఎర్రబడిందా, నొక్కితే నొప్పి ఉందా, చీము చుక్క ఏమైనా కనిపిస్తోందా, కుట్టు వదులైందా చూస్తాను. గొట్టం మీద సెంటీమీటర్ల గుర్తులుంటాయి. చర్మం దగ్గర నిన్న 16 ఉన్నచోట ఇవాళ 14 కనిపిస్తే అది బయటికి జరిగిందన్నమాట. వెంటనే డాక్టరుకు చెప్పాలి, ఎక్స్‌రే తీయించాలి, అంతేగాని లోపలికి తోయకూడదు. తర్వాత క్లోర్‌హెక్సిడిన్‌తో 30 సెకన్లు అటూ ఇటూ రుద్ది, దానంతటది ఆరేదాకా ఆగుతాను. కొత్త పిల్లలు ఆరడం లేదని ఊదుతారు, అట్టముక్కతో విసురుతారు. ఊదితే నోట్లో క్రిములన్నీ అక్కడికే. ఆ అరనిమిషం ఊరికే నిలబడి ఉండటం కూడా పనేనని వాళ్లకు నేర్పడానికి చాలా ఓపిక కావాలి.

ఈ లైన్ల చరిత్రలో నాకు బాగా గుర్తుండిపోయింది ఒక నర్సు. 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డేలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే కుర్ర డాక్టరు చేతి నరంలోంచి గుండెదాకా గొట్టం పంపాలనుకున్నాడు. పైవాళ్లు వద్దన్నారు. పరికరాలు ఆపరేషన్ థియేటర్ నర్సు గెర్డా డిట్జెన్ చేతిలో ఉన్నాయి. ఆమె వాటిని ఇవ్వడమే కాదు, ఆ ప్రయోగం తన మీదే చేయమంది. ఆయన ఆమెను బల్లకు కట్టేసి, గొట్టాన్ని తన చేతిలోకే దించుకుని, ఎక్స్‌రే గదికి నడిచి వెళ్లాడు. 1956లో ఆయనకూ మరో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. గెర్డా పేరు నర్సింగ్ కాలేజీల్లో ఎంతమంది చెబుతారు?

నర్సు మాటకు బలం ఇస్తే ఏమవుతుందో 2000 తర్వాత అమెరికాలో తేలింది. జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో పీటర్ ప్రొనొవొస్ట్ ఐదంటే ఐదు పనుల చీటీ రాశారు: చేతులు కడగడం, లైను వేసేటప్పుడు గౌను, టోపీ, మాస్క్, పెద్ద డ్రేప్ వాడటం, చర్మానికి క్లోర్‌హెక్సిడిన్ పట్టించడం, వీలైనంతవరకు గజ్జల్లో వేయకపోవడం, అక్కర్లేని లైను తీసేయడం. వీటిలో ఏ డాక్టరుకూ తెలియనిది లేదు. కొత్త సంగతల్లా, డాక్టరు ఒక మెట్టు దాటేస్తే ఆపే హక్కు నర్సుకు ఇవ్వడం. మిషిగన్ రాష్ట్రంలోని ఐసీయూల్లో ఇదే పద్ధతి అమలు చేసి 2006 చివర్లో ఫలితాలు ప్రచురించారు. వెయ్యి లైను-రోజులకు 2.7గా ఉన్న ఇన్ఫెక్షన్ల మధ్యస్థ రేటు మూడు నెలల్లోనే సున్నాకు దిగింది, ఏడాదిన్నర అక్కడే నిలిచింది. మన దగ్గర ఆ చీటీలు గోడలకు బాగానే అంటించారు. "సార్, గ్లౌజు మంచానికి తగిలింది, మార్చుకోండి" అన్న అమ్మాయికి వెనక నిలబడే సూపరింటెండెంట్లే ఇంకా కావాలి.

తీయడం తేలికనుకోకండి. కూర్చోబెట్టి లాగేస్తే గాలి నరంలోకి దూరి ప్రాణం పోవచ్చు. పేషెంట్‌ను వెల్లకిలా పడుకోబెట్టి, తల కాస్త దించి, ఊపిరి బిగబట్టి ముక్కమని చెప్పి, అప్పుడు తీయాలి. వెంటనే గట్టిగా అదిమిపట్టి, గాలి చొరబడని పట్టీ వేయాలి. కొస తెగకుండా మొత్తం వచ్చిందో లేదో చూసుకోవాలి. అరగంట లేవనివ్వకూడదు. మెడ తడుముకుని "అమ్మయ్య" అనే పేషెంట్‌ను చూస్తే నాకూ ఆరోజు కడుపు నిండినట్టుంటుంది.

తీయలేని లైన్లతోనే నా బాధ. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వచ్చే కిడ్నీ పేషెంట్లు చాలామంది ఒళ్లు వాచి, ఆయాసంతో, మొదటిసారి డాక్టరును చూసిన రోజునే మెడలో డయాలసిస్ గొట్టం వేయించుకుంటారు. చేతిలో ధమనినీ సిరనూ కలిపి ఫిస్టులా చేస్తే ఈ గొట్టం అవసరం ఉండదు, కానీ అది పాకానికి రావడానికి కనీసం నెలా నెలన్నర పడుతుంది. అందాకా గొట్టంతోనే ఇంటికి. "సెరువులో తానం సేయొచ్చేటి సిస్టరమ్మా?" అని అడిగాడు కవిటి నుంచి వచ్చిన ఒక కొబ్బరితోట రైతు. వద్దు పెద్దాయనా, మెడ తడవకూడదు, తడి గుడ్డతో ఒళ్లు తుడుచుకో, చలిజ్వరం వస్తే రాత్రయినా సరే రా అని చెప్పాను. ఊళ్లో ఎవరైనా ఆ గొట్టంలోంచి సెలైన్ పెడతామంటే ఒప్పుకోవద్దనీ చెప్పాను. రక్తం గడ్డకట్టకుండా అందులో హెపారిన్ నింపి ఉంచుతాం. దాన్ని వెనక్కి లాగకుండా తోసేస్తే ఆ మందంతా ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి తెరిచారు, మంచిదే. నేనడిగేది అంతకన్నా ముందు జరగాల్సిన పని. క్రియాటినిన్ పెరుగుతోందని తెలిసిన నాటినుంచీ ఆ మనిషి వాటంకాని చేతిని ఎవరూ ముట్టకూడదు. ఆ చేతికి సూది వద్దు, సెలైన్ వద్దు. పదిచోట్ల పొడిచి పాడుచేసిన నరంతో రేపు ఫిస్టులా కుదరదు. మా వార్డులో అలాంటి పేషెంట్ వస్తే మంచం తలవైపు అట్ట మీద పెద్దక్షరాలతో రాసి పెడతాం: "ఎడమ చేతికి సూది గుచ్చవద్దు." ఆ ప్రాంతంలోని ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ప్రతి ఆర్‌ఎంపీ గదిలో ఈ అట్ట వేలాడాలి. రాయడానికి ఒక స్కెచ్‌పెన్ చాలు.