మబ్బులేని నేల మీద నీడ

అరబ్బీలో "ఐన్" అంటే నీటి ఊట. కన్ను అని కూడా అర్థం. దోహా శివారున గల ఐన్ ఖాలిద్ నుండి ఈ సమీక్ష వ్రాస్తున్నాము. ఏడాదికి నూరు మిల్లీమీటర్ల వాన కూడా పడని ఈ దేశంలో మబ్బు అరుదు. ఇట్టి చోట గాలి, ఎండ, నీడ వంటి నిలువని వాటితో కళ సాధించబూనిన వారు ఒలాఫుర్ ఎలియాసన్. 2003లో లండన్ టేట్ మోడరన్‌లో పొగమంచు నడుమ దీపాలతో ఒక సూర్యుని నిలిపి పేరొందిన శిల్పి ఈయనే.

2023 మార్చి నుండి ఆగస్టు వరకు "ద క్యూరియస్ డెసర్ట్" అనే ఆయన ప్రదర్శన కొంత దోహా జాతీయ మ్యూజియంలోను, కొంత ఉత్తరాన అల్ థఖీరా మడ అడవి చెంత తాత్కాలిక పందిళ్ళలోను జరిగింది. చిత్రకారుడు చేయి తీసివేసి, గీతను ఎండకు, గాలికి, ఉప్పునీటికి వదలిన యంత్రాలు అందులో మేలైనవని మా అభిప్రాయం. అనిత్యతపై ఉపన్యాసం లేదు. ఆ పూట గాలి ఎంతో గీతా అంతే. మరునాటి గీత వేరు.

అయితే మాకొక ఆక్షేపణ కలదు. మారిషస్‌లో మన పెద్దలను "కొరంగీలు" అనేవారు. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు పేరే అది. 1839లో తుపాను ఉప్పెన ఆ రేవును తుడిచిపెట్టింది. ఆ తావుకు నేడు పేరు మడ అడవుల వల్లనే. 1960 ఫిబ్రవరిలో కరోల్ తుపాను మారిషస్‌లో వేలాది ఇళ్ళను పడగొట్టింది. మడచెట్ల చెంత పందిరి వేసి, ఇది నిలువదని ముందే చెప్పటం ఒకటి. నిలుస్తుందని కట్టుకొన్న ఇల్లు ఒక్క రాత్రిలో పోవటం వేరొకటి. మొదటిది కోరి తెచ్చుకొన్న అనిత్యత, రెండవది నెత్తిన పడినది. ఈ భేదాన్ని ఆ ప్రదర్శన పట్టించుకొన్నట్లు లేదు.

దీనికి జవాబు 2022లోనే ఆయన అల్ జుబారాకు ఉత్తరాన ఎడారిలో నిలిపిన "షాడోస్ ట్రావెలింగ్ ఆన్ ద సీ ఆఫ్ ద డే"లో దొరుకుతుంది. అవి 20 గుండ్రని నీడకప్పులు. వాటి అడుగున అద్దాలు. తలెత్తితే ఆకాశం కనబడదు. ఇసుక, దానిపై నిలబడిన మనము కనబడతాము. ఉక్కు అర్ధవలయాలు అద్దంలో నిండు వలయాలవుతాయి. మబ్బు ఇవ్వని నీడను లోహం ఇస్తుంది. ప్రొద్దుతో నీడ జరుగుతుంది. దానితో మనిషీ జరగాలి.

నీడ విలువ ఇక్కడి చట్టానికీ తెలుసు. 2021 నాటి నియమం ప్రకారం జూన్ 1 నుండి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 మొదలు మధ్యాహ్నం 3:30 దాకా ఆరుబయట ఎండలో పని చేయించరాదు. చెరకు తోటల్లో నీడ కోసం చూసినవారి మనుమలకు ఈ లెక్క వివరించనక్కరలేదు. నీడ ఎక్కువ అవసరమైన పనివారికి, సొంత బండి లేనిదే చేరరాని ఎడారిలో ఈ కప్పులు ఉండటమే వెలితి.

అయినను నిలువనిదానిని చూపి ఊరుకొనక, దాని క్రింద నిలబడే చోటు కూడా ఇచ్చినందున ఈ కృతి ఆ ప్రదర్శన కంటె గొప్పదని మా నిర్ణయం. ఇటు వచ్చే మనవారు తప్పక చూడవలెను. ఒక ఫొటో తీసికొని మరలిపోక, ఒక గంటయినా నీడతో పాటు జరిగి చూడవలెను.