సీను వినేవాడి ముఖంలో ఉంటుంది

మన సినిమా పుట్టకముందే తెలుగువాళ్లకు సీను తెలుసు. శ్రీరామనవమి పందిళ్లలో, తిరునాళ్లలో పద్యనాటకం ఆడుతుంటే తెల్లవార్లూ కూర్చుని చూసేవాళ్లు ఉండేవాళ్లు. పడక సీను వేళకు లేపమని చెప్పి చాప పరుచుకుని పడుకునేవాళ్లూ ఉండేవాళ్లు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగంలో పడక సీను, రాయబారం సీను. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్రలో వారణాసి సీను, కాటి సీను. ఈ పేర్లు నాటకాల పేర్లకంటే ఎక్కువగా జనం నోళ్లలో నలిగాయి. ఒకే నాటకంలో పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి మరొక కృష్ణుడు వచ్చేవాడు. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని కరపత్రంలోనే వేసేవాళ్లు. ముఖం మారిందని ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. కథ అందరికీ తెలిసిందే కాబట్టి జనం వచ్చింది ఆ సీను కోసమే.

పడక సీను అంతగా ఎందుకు నిలిచిందో చూడాలి. యుద్ధానికి సాయం అడగడానికి దుర్యోధనుడు ముందే వచ్చాడు. కృష్ణుడు నిద్రలో ఉన్నాడు. రారాజు కాబట్టి తలవైపు ఆసనం మీద కూర్చున్నాడు. తరువాత వచ్చిన అర్జునుడు పాదాల దగ్గర చేరాడు. కళ్లు తెరిచినవాడికి ఎదురుగా కనిపించేది పాదాల దగ్గర ఉన్నవాడే. ఎవరు ఎక్కడ కూర్చున్నారన్న దానితోనే కురుక్షేత్రం సగం తేలిపోయింది. పద్యం ఎత్తుకోకముందే సీను నడిచిపోయింది. ఆ తరువాత వచ్చే పద్యాలు, హార్మోనియం, వన్స్‌మోర్లు ఆ కూర్చోవడం మీద కట్టిన మేడలు. నిద్ర నటిస్తున్న కృష్ణుడికి అంతా తెలుసని ప్రేక్షకుడికి తెలుసు, దుర్యోధనుడికి తెలియదు. పాత్రకు తెలియనిది మనకు తెలిసి ఉండటం అనే కిటుకు మన నాటకరంగానికి అలా వంటబట్టింది. సినిమా దాన్ని అక్కడి నుంచే తెచ్చుకుంది.

అయితే రంగస్థలానికి ఒక లోటు ఉంది. ఒకరు పద్యం అందుకుని రాగం తీస్తుంటే ఎదుటి పాత్ర ఊరికే నిలబడి ఉండాలి. వెనక వరుసలో ఉన్నవాడికి అతని ముఖం కనిపించదు. కెమెరా వచ్చి ఆ లోటు తీర్చింది. మాట్లాడేవాడిని వదిలేసి వినేవాడి దగ్గరికి వెళ్లింది. మనకు గుర్తుండిపోయిన సీన్లను ఒక్కొక్కటిగా తలుచుకుని చూడండి. చాలావాటిలో మన కంటి ముందు నిలిచే ముఖం మాట అన్నవాడిది కాదు, ఆ మాట పడ్డవాడిది. గొప్ప సీను వినేవాడి ముఖంలో ఉంటుందని నేను నమ్ముతాను. దానికి 1983లో వచ్చిన 'సాగర సంగమం' ఒక్కటే చాలు సాక్ష్యం.

అందులో వాన సీను ఉంది. రాత్రి, బావి గట్టు, పూర్తిగా తాగి ఉన్న నర్తకుడు బాలు (కమల్‌హాసన్) ఆ గట్టు మీద నాట్యం చేస్తుంటాడు. ఒక అడుగు తప్పితే ప్రాణం పోతుంది. అతన్ని ఆపడానికి మాధవి (జయప్రద) వస్తుంది. ఆమె నుదుట కుంకుమ బొట్టు ఉంది. ఆమె భర్త చనిపోయాడని మనకు తెలుసు, బాలుకు తెలియదు. ఒకప్పుడు తన ప్రేమను దిగమింగుకుని ఆమెను భర్తతో సాగనంపింది అతనే. ఆమె కాపురం పచ్చగా ఉందన్న నమ్మకమే ఆ పాడైపోయిన జీవితంలో అతనికి మిగిలిన ఒక్క మంచిపని. అది పోకూడదనే ఆమె ఆ బొట్టు పెట్టుకుంది. ఇంతలో వాన మొదలవుతుంది. బొట్టు తడుస్తుంది. నిలబడటానికే ఓపిక లేని ఆ తాగుబోతు చెయ్యి చాపి, చినుకు పడకుండా ఆమె నుదుటికి అడ్డం పెడతాడు.

ఇక్కడ ఎవరు ఎవరిని కాపాడుతున్నారో చూడండి. ఆమె అబద్ధాన్ని నుదుట పెట్టుకుని అతన్ని కాపాడుతోంది. అతను ఆ అబద్ధాన్ని నిజమనుకుని అరచేతితో ఆమెను కాపాడుతున్నాడు. అతని చేతికింద ఆమె కళ్లు ఉన్నాయి. నిజం తెలిసిన కళ్లు అవి. జయప్రద అక్కడ ఏదీ అతిగా చేయదు, చేయనక్కర్లేదు. మనకు తెలిసిందంతా ఆ ముఖం మీదికి మనమే తీసుకెళ్లి పెడతాం. కె. విశ్వనాథ్ అక్కడ ఒక పెద్ద డైలాగు పెట్టి ఉంటే, జంధ్యాల లాంటి రచయిత చేతిలో అది ఎంత బాగా వచ్చినా, ఈ సీను నలభై ఏళ్లు నిలిచేది కాదు. బొట్టు అంటే ఏమిటో, చెరిగిపోవడం అంటే ఏమిటో తెలుగు ఇళ్లలో ఎవరూ ఎవరికీ వివరించాల్సిన పని లేదు. దర్శకుడు తన ప్రేక్షకుడిని నమ్మాడు. ఆ నమ్మకం తెర మీద కనిపిస్తుంది.

అదే సినిమాలో ఆహ్వానపత్రిక సీను కూడా ఇదే పద్ధతిలో కట్టింది. పెద్ద నాట్యోత్సవం తాలూకు పుస్తకం బాలు చేతికి వస్తుంది. పేజీలు తిప్పుతూ ఒక్కో మహా నర్తకుడి బొమ్మ చూసి పొంగిపోతుంటాడు. అలాంటి సభకు వెళ్లి ఒక మూల కూర్చుని చూసినా చాలనుకునే మనిషి అతను. ఇంకో పేజీ తిప్పితే తన బొమ్మ. ఈ సీనులో మాట్లాడేది కాగితం, వినేది కమల్‌హాసన్ ముఖం. ఒక్క పేజీ తిప్పేంత సేపట్లో వంటలక్క కొడుకు కళాకారుడయ్యాడు. సీను మొదట్లో ఉన్న మనిషి వేరు, చివర్లో ఉన్న మనిషి వేరు. ఆ ఉత్సవంలో అతను నాట్యం చేయలేకపోతాడు, అంతకుముందే తల్లి పోతుంది. రెండోసారి సినిమా చూసేటప్పుడు ఆ పేజీ తిరగడం మరింత బరువెక్కేది అందుకే.

సినిమా రచయితలు కథాచర్చల్లో 'దీనికి లీడ్ ఏదీ?' అని అడుగుతుంటారు. సీను పండాలంటే దానికి విత్తనం ముందెక్కడో పడి ఉండాలన్నది వాళ్ల లెక్క. ఈ విద్యలో బి.ఎన్. రెడ్డి గారి 'మల్లీశ్వరి'ని మించింది నాకు కనబడలేదు. 1951 నాటి సినిమా. బావామరదళ్లు నాగరాజు, మల్లి వానకు సత్రంలో చిక్కుకుంటారు. మారువేషంలో ఉన్న కృష్ణదేవరాయలు అక్కడే ఉంటాడు. మల్లి ఆడిపాడితే ముచ్చటపడతాడు. ఎదురుగా ఉన్నది ప్రభువని తెలియని నాగరాజు నవ్వులాటకు, రాయలవారితో చెప్పి మల్లికి పల్లకీ పంపించమంటాడు. అక్కడికి అందరూ నవ్వుకుంటారు, మనమూ నవ్వుకుంటాం. సినిమా వేరే దారుల్లో తిరుగుతుంది. ఒకరోజు మల్లి ఇంటి ముందు నిజంగానే పల్లకీ దిగుతుంది. ఊరు ఊరంతా సంబరపడుతుంది. తల్లి నాగమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పల్లకీ ఎక్కే పిల్ల ముఖం చూస్తే మనకు గుండె జారిపోతుంది. అంతఃపురంలోకి వెళ్లిన ఆడపిల్ల బయటికి రావడం ఉండదు. బావ నోటి నుంచి వచ్చిన వేళాకోళమే మరదలిని అతనికి దూరం చేసింది. పల్లకీ సీనులో ఒక దుర్మార్గుడు లేడు, ఒక కుట్ర లేదు, అందరూ మంచే చేశామనుకుంటున్నారు. ఆ పెద్దరికం ఆ తరం రచనకు ఉండేది. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు మాటలు రాసిన మొదటి సినిమా ఇంత నిశ్శబ్దంగా దెబ్బ కొట్టగలగడం ఇప్పటికీ అబ్బురమే.

'మాయాబజార్' గురించి చెప్పకుండా ఈ వ్యాసం ముగిస్తే పాపం చుట్టుకుంటుంది. 1957 నాటి ఆ సినిమాకు ముందే సురభి వాళ్లు ఈ కథను తమ నాటకంలో తెగ ఆడారు. కాబట్టి కె.వి. రెడ్డి గారి ముందున్న సవాలు కథ చెప్పడం కాదు, తెలిసిన కథలో కొత్త సీను పుట్టించడం. స్క్రిప్టు పూర్తిగా చేతికి వచ్చాక, రిహార్సల్సులో స్టాప్‌వాచీ పట్టుకుని ఏ సీను ఎంతసేపు నడవాలో లెక్కగట్టేవారని ఆయనకు పేరు. ఆ లెక్క ప్రియదర్శిని పెట్టె సీనులో కనిపిస్తుంది. ఆ పెట్టె తెరిచినవాళ్లకు తమకు అత్యంత ప్రియమైనది అందులో కనబడుతుంది. బలరాముడు తెరిస్తే దుర్యోధనుడు. రేవతి తెరిస్తే నగలు. శశిరేఖ తెరిస్తే అభిమన్యుడు. కృష్ణుడు తెరిస్తే శకుని. నలుగురి మనసులు నాలుగు మూతల్లో తేలిపోయాయి. ఇక ముందు కథ ఎటు పోతుందో అందులోనే ఉంది. బలరాముడు మాట తప్పడానికి, రేవతి పాండవుల లేమిని చిన్నచూపు చూడటానికి, శశిరేఖ మొండికేయడానికి మళ్లీ వేరే వివరణ అక్కర్లేదు. ఇదే సంగతి మామూలు రచయిత అయితే మూడు సీన్లలో నలుగురి చేత చెప్పించేవాడు. పింగళి నాగేంద్రరావు గారు పిల్లలు కూడా నవ్వుకునే ఆటవస్తువుగా చేసి ఇంటిగుట్టంతా బయటపెట్టారు. కృష్ణుడికి శకుని కనబడటం మాత్రం ఎన్నిసార్లు చూసినా తరగని ముచ్చట. ఎప్పుడూ మనసులో మెదిలేవాడు శత్రువైనా ప్రియుడే అవుతాడన్నది నాకు తోచిన అర్థం. మీకు ఇంకోటి తోచవచ్చు.

అదే సినిమాలో ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి వచ్చాక సావిత్రి చేసిన పని నటనకు పాఠం. ఒళ్లు సావిత్రిది, నడక ఎస్.వి. రంగారావుది. ఒంటరిగా ఉన్నప్పుడు ఛాతీ విరుచుకుని, కాళ్లు ఎడంగా వేసి, రాక్షసుడి ధీమాతో తిరుగుతుంది. అలికిడి కాగానే కళ్లు వాలిపోతాయి, భుజాలు ముడుచుకుంటాయి, పెళ్లికూతురు సిగ్గు వచ్చి కూర్చుంటుంది. ఒక్క ఫ్రేములో ఇద్దరు మనుషులు కనిపిస్తారు. ఇక్కడా అదే సూత్రం పనిచేస్తోంది. ఆ గదిలో ఉన్నది ఎవరో మనకు తెలుసు, పెళ్లికొడుకు లక్ష్మణ కుమారుడికి తెలియదు. ఆ వేషంలో రేలంగి మురిసిపోయిన కొద్దీ మనకు నవ్వు ఆగదు.

మరి మాటల మీదే నిలబడ్డ సీన్లు లేవా అంటే, ఉన్నాయి. 1977లో వచ్చిన 'దాన వీర శూర కర్ణ'లో అస్త్రవిద్యా ప్రదర్శన సీను తెలుగు ప్రాంతాల్లో ఇప్పటికీ ఎంతమందికి కంఠతా వచ్చో లెక్కలేదు. కొండవీటి వెంకటకవి గారి సంభాషణలు అవి. ఊపిరి తిప్పుకోకుండా ఆ డైలాగు అప్పజెప్పడం స్కూలు వార్షికోత్సవాల్లో పిల్లలకు పరీక్ష. నేను చెప్పిన దానికి ఇది అడ్డం వస్తుందా అని చాలాసార్లు ఆలోచించాను. రాదు. కులం అడిగి కర్ణుడిని తలవంచేలా చేసిన సభలో, ఆ సభలో కూర్చున్న పెద్దల పుట్టుకలనే దుర్యోధనుడు ఒక్కొక్కటిగా విప్పుతాడు. వింటున్నవాళ్లు జవాబు చెప్పలేని పెద్దలు. మాట బలం వాళ్ల మౌనం నుంచి వచ్చింది. ఇంకో సంగతి కూడా ఉంది. మాట్లాడే దుర్యోధనుడూ ఎన్టీఆరే, పక్కన నిలబడి వింటున్న కర్ణుడూ ఎన్టీఆరే, దర్శకుడూ ఆయనే. దుర్యోధనుడి గొంతు మన చెవుల్లో ఉంటుంది. కానీ తొలిసారి తనను ఒకడు మనిషిగా గుర్తించాడని తెలిసిన కర్ణుడి కళ్లు లేకపోతే ఆ గొంతుకు పని లేదు.

1989లో 'శివ' వచ్చాక సీను వేగం మారింది. సైకిలు చైను పట్టి లాగిన ఆ క్షణం ఒక తరం కాలేజీ కుర్రాళ్లకు పట్టేసింది. అప్పటిదాకా శివ నోరు మెదపని కుర్రాడు. చేతికి దొరికింది కూడా రోజూ కాలేజీ స్టాండులో కనబడే సైకిలే. ఆ రెండూ కలవబట్టే అది పేలింది. ఆ తరువాత చైను మాత్రం మిగిలి, ముందున్న మౌనం పోయిన సినిమాలు వరసగా వచ్చాయి. ఇప్పటి 'ఎలివేషన్' సీన్ల మీద నా ఫిర్యాదు ఇదే. స్లో మోషన్, చెవులు చిల్లులు పడే రీరికార్డింగు, గాల్లోకి ఎగిరే రౌడీలు ఉంటారు. హీరో ఎలా వచ్చాడో అలాగే వెళ్లిపోతాడు. ఆ సీను వల్ల అతనిలో గానీ ఎదుటివాడిలో గానీ ఏమీ మారదు. విజిల్ వేసి బయటికొచ్చాక ఏం చూశామంటే చెప్పలేం. కష్టపడని సాంకేతిక నిపుణులు ఉండరు, వాళ్ల పనితనం మీద నాకు గౌరవమే. ఆ పనితనానికి తగిన లీడు రాయని రచన మీదే నా బాధ.

పద్యనాటకం చూసినవాడు సీను కోసం వచ్చినా, మొత్తం కథ కడుపులో పెట్టుకుని వచ్చేవాడు. ఇప్పుడు ఫోనులో రెండు నిమిషాల ముక్క చూసేవాళ్లకు ఆ సౌకర్యం లేదు. మాధవి భర్త పోయాడని తెలియని పిల్లవాడికి వాన సీను చూపిస్తే, తాగినవాడెవడో ఒకావిడ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టినట్టే కనిపిస్తుంది. 'ఇందులో ఏముంది?' అని వేలితో పైకి తోసేస్తాడు. తప్పు వాడిది కాదు, ముక్క మాత్రమే ఇచ్చిన మనది. మీ ఇంట్లో పదో తరగతి దాటిన పిల్లలు ఉంటే, వచ్చే సెలవు రోజున 'సాగర సంగమం' మొదటి పేరు పడే దగ్గర్నుంచి పెట్టి, పక్కన కూర్చోండి. ఏ సీను దగ్గరా ఆపి వివరించకండి. వాన వచ్చే వేళకు మాత్రం తెరను కాసేపు వదిలి, చూస్తున్న పిల్లల ముఖం వైపు తిరగండి.