మైకు పెట్టినందుకు వారం రోజుల జైలు

రామల్లాలో పాలస్తీనా శాసనసభ జరుగుతోంది. 1996లో తొలిసారి జనం ఓట్లతో ఏర్పడిన సభ అది. ప్రభుత్వంలోని అవినీతి గురించి సభ్యులు గట్టిగానే నిలదీస్తున్నారు. ఆ చర్చను అల్ ఖుద్స్ ఎడ్యుకేషనల్ టీవీ ప్రత్యక్షంగా ప్రసారం చేస్తుంటే, ఇళ్లలో టీవీల ముందు కూర్చున్నవాళ్లకు మాత్రం బొమ్మ రావడం లేదు. సిగ్నల్‌ను ఎవరో అడ్డుకుంటున్నారు. అది ఆ ప్రభుత్వం, అంటే పాలస్తీనా అథారిటీ పనేనని చానల్ అధిపతి దావూద్ కుత్తాబ్ విదేశీ పత్రికకు బాహాటంగా చెప్పారు. 1997 మేలో ఆయన్ని తీసుకెళ్లి, ఏ అభియోగమూ మోపకుండా వారం రోజులు నిర్బంధించారు.

కుత్తాబ్ ఎవరినీ తిడుతూ వ్యాసం రాయలేదు. జనం ఎన్నుకున్నవాళ్లు ఏం మాట్లాడుతున్నారో జనానికి వినిపించారు. విలేకరి పనిలో ఇంతకన్నా మామూలు పని లేదు. పాలకులు భయపడింది మాత్రం దానికే.

ఆయనకు ఆంక్షలు కొత్త కాదు. తూర్పు జెరూసలేంలోని అల్ ఫజ్ర్ పత్రికలో పనిచేసిన రోజుల్లో, అచ్చు కాబోయే ప్రతి అక్షరాన్నీ ముందుగా ఇజ్రాయెల్ సైనిక సెన్సారుకు చూపించాల్సి వచ్చేది. అలాంటి చోట ఎదిగిన మనిషి 1993లో ఇజ్రాయెల్ ప్రధాని రబిన్‌ను అల్ ఖుద్స్ దినపత్రిక కోసం ఇంటర్వ్యూ చేశారు. అవతలి పక్షం నాయకుడి ఎదుట కూర్చుని ప్రశ్నలడగడానికీ, సొంత పక్షం అక్రమాలను బయటపెట్టడానికీ కావాల్సింది ఒకే రకం తెగువ అనిపిస్తుంది. రెండూ చేసినవాళ్లు ఎక్కడైనా తక్కువే.

పిల్లల కోసం ఆయన నిర్మించిన ‘షారా సిమ్‌సిమ్’ టీవీ కార్యక్రమం కూడా ఆ చానల్ నీడలోనే పెరిగింది. అమెరికా ‘సెసమే స్ట్రీట్’కు అది పాలస్తీనా రూపం. కరీం అనే కోడిపుంజు, హనీన్ అనే బొమ్మ అక్కడి పిల్లలతో వాళ్ల అరబ్బీలోనే కబుర్లు చెప్పేవి. 2002లో ఇజ్రాయెల్ సైన్యం రామల్లాలోకి వచ్చినప్పుడు ఆ చానల్ స్టూడియోలోకీ చొరబడి పరికరాలను ధ్వంసం చేసింది. అంతకు అయిదేళ్ల ముందు సొంత పాలకులు, ఆ తర్వాత సైన్యం. ఇద్దరికీ గిట్టనిది ఒకటే కెమెరా.

ఈలోగా 2000లో ఆయన జోర్డాన్‌లో మరో దారి వెతికారు. అక్కడ గాలి తరంగాలు ప్రభుత్వం గుప్పిట్లో ఉండేవి, ప్రైవేటు రేడియోకు అనుమతి లేదు. ఇంటర్నెట్ గురించి మాత్రం చట్టంలో ఏమీ లేదు. ఆ సందులోంచే ‘అమ్మాన్‌నెట్’ పుట్టింది. అరబ్ ప్రపంచంలో తొలి ఇంటర్నెట్ రేడియోగా దానికి పేరు. మన దేశంలో ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లు ఏళ్ల తరబడి పాటలకే పరిమితమై, సొంత వార్తలు చెప్పే వీలు లేక ఉండిపోయిన సంగతి తెలిసినవాళ్లకు ఆ ఎత్తుగడ విలువ ఇట్టే అర్థమవుతుంది. జోర్డాన్‌లో చట్టం సడలాక అదే బృందం ‘రేడియో అల్ బలద్’ పేరుతో ఎఫ్ఎంలోకి వచ్చింది.

వ్యాఖ్యాతగా కుత్తాబ్ దశాబ్దాలుగా ఆంగ్ల, అరబ్బీ పత్రికలకు రాస్తూనే ఉన్నారు. అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో జర్నలిజం పాఠాలూ చెప్పారు. 1996లో పత్రికా స్వేచ్ఛ పురస్కారం ఇచ్చి ఆయన్ని సత్కరించిన న్యూయార్క్ సంస్థ కమిటీ టు ప్రొటెక్ట్ జర్నలిస్ట్స్ (సీపీజే), మరుసటి ఏడాదే ఆయన విడుదల కోసం గొంతెత్తాల్సి వచ్చింది. ఆయన కాలమ్‌లలోని ప్రతి అభిప్రాయాన్నీ ఒప్పుకోనక్కర్లేదు. అవి చదివే తెలుగు పాఠకులు రామల్లా ప్రసారాన్ని, అమ్మాన్ రేడియోను కూడా లెక్కలో వేసుకోవాలి. ఆయన మాటకు బరువు తెచ్చినవి ఆ రెండే.