వేగాలను కాదు, కాలాలను కూడాలి

దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుంది. దారి పొడవునా వేగం ఒకేలా ఉంటేనే ఈ సూత్రం నేరుగా పనిచేస్తుంది. నిజమైన ప్రయాణంలో వేగం మారుతూ ఉంటుంది. అందుకే దారిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు పట్టే కాలాన్ని విడిగా లెక్కగట్టి, ఆ కాలాలను కూడాలి.

వేగాల సగటు తీసి మొత్తం దూరాన్ని దానితో భాగించడం చాలామంది చేసే పొరపాటు. 120 కిలోమీటర్ల దారిలో ఒక బస్సు సగం దూరం గంటకు 60 కి.మీ., మిగతా సగం 40 కి.మీ. వేగంతో నడిచిందనుకుందాం. సగటు 50 అనుకుంటే 2 గంటల 24 నిమిషాలు తేలుతుంది. అసలు పట్టేది మొదటి సగానికి గంట, రెండో సగానికి గంటన్నర, వెరసి రెండున్నర గంటలు. అంటే సగటు వేగం 48. నెమ్మదిగా నడిచిన సగంలోనే బస్సు ఎక్కువసేపు ఉంటుంది కనుక సగటు అటే మొగ్గుతుంది.

వేగం క్రమంగా పెరిగే, తగ్గే చోట లెక్క వేరు. మార్పు ఒకే రేటున సాగితే తొలి, తుది వేగాల సగటునే ఆ ముక్కకంతటికీ వేగంగా తీసుకోవచ్చు. 14వ శతాబ్దంలో ఆక్స్‌ఫర్డ్‌లోని మెర్టన్ కళాశాల పండితులు నిరూపించిన ఫలితమిది.

ఈ రెండు సూత్రాలూ కలిసి పనిచేసే చోటు రైలు దారి. ట్రాక్ పనులు జరిగే చోట్ల తాత్కాలిక వేగ పరిమితులుంటాయి. అవి ఎక్కడెక్కడ, ఎంతెంత అన్నది కాషన్ ఆర్డర్ రూపంలో లోకో పైలట్ చేతికి అందుతుంది. గంటకు 110 కి.మీ. వేగంతో వస్తున్న రైలుకు ఒక కిలోమీటరు మేర 20 కి.మీ. పరిమితి ఉందనుకుందాం. ఇంజిన్ ఆ కిలోమీటరు దాటితే చాలదు, చివరి పెట్టె కూడా దాటాలి. అందుకే పరిమితి ముగిసిన చోటుకు రైలు పొడవంత దూరంలో, ప్రయాణికుల రైళ్ల కోసం టి/పి అని రాసిన గుండ్రని పసుపు బోర్డు పెడతారు. రైలు పొడవు 600 మీటర్లైతే 20 కి.మీ. వేగంతో 1.6 కిలోమీటర్లు నడవాలి. దానికి 4.8 నిమిషాలు. బ్రేకు వేసి వేగం తగ్గడానికి 1.3 కి.మీ. పడితే, సగటు వేగం 65 కాబట్టి 1.2 నిమిషాలు. తిరిగి 110 అందుకోవడానికి 6.5 కి.మీ. పడితే 6 నిమిషాలు. మొత్తం 9.4 కిలోమీటర్లకు 12 నిమిషాలు. పరిమితి లేకుంటే ఇదే దూరానికి 5 నిమిషాల పైచిలుకు చాలు. ఒక్క కిలోమీటరు పరిమితి దాదాపు 7 నిమిషాలు తినేసింది. అందులో రెండున్నర నిమిషాలు వేగం పుంజుకోవడంలో పోయినవే. బడిలో ఈ లెక్క చెప్పేటప్పుడు ఈ పుంజుకునే ముక్కను తప్పక చేర్చాలి. అది లేని లెక్క పిల్లలకు నిజమైన రైలును చూపించదు.

టైంటేబుల్ తయారుచేసేవారు ఇలాంటి నష్టాలను ముందే ఊహించి, ఇంజినీరింగ్ అలవెన్స్ పేరిట అదనపు నిమిషాలు కలుపుతారు. 300 కిలోమీటర్ల దారిలో వేగాన్ని 110 నుంచి 130కి పెంచితే మిగిలేది సుమారు 25 నిమిషాలు. పైన చెప్పినటువంటి పరిమితులు నాలుగుంటే ఆ మిగులంతా హరించుకుపోతుంది. ప్రయాణ కాలం తగ్గించే పని నెమ్మదైన చోట్ల నుంచే మొదలుకావాలి.